తెలంగాణ కోచింగ్ టైమింగ్‌తోటి గడ్చిరోలీ పోలీస్ భర్తీ కొట్టొచ్చా?

ప్రాణహిత గట్టు, సిరొంచ

అన్నలూ, అక్కలూ, మా తమ్ముని గురించి అడుగుతున్న. పదో తరగతి దాక ఇక్కడ మహారాష్ట్ర గడ్చిరోలీ జిల్లా సిరొంచలనే మరాఠీ మీడియం. ఇంటర్ మాత్రం నది దాటి తెలంగాణ మంథనిల చేసిండు. ఇప్పుడు అక్కడనే తెలంగాణ కానిస్టేబుల్ కోచింగ్‌ల ఉండి గ్రౌండ్ కొడుతుండు. ఎత్తు 167 సెంటీమీటర్లు, ఛాతీ 80, ఊపిరి పీలిస్తే 84. 1600 మీటర్లు 6 నిమిషాల 58 సెకన్లు, 100 మీటర్లు 13.8 సెకన్లు, గోళా (షాట్‌పుట్) 6.2 మీటర్లు. కోచింగ్‌ల "నువ్వు పాస్ రా" అంటున్నరట. ఇదే ప్రాక్టీస్ మన మహారాష్ట్ర పోలీస్ శిపాయి (కానిస్టేబుల్) భర్తీకి సరిపోతదా?

ఇంకో రెండు సంగతులు. ఓబీసీ దాఖలా (కులం సర్టిఫికెట్) ఉంది గాని వ్యాలిడిటీ, అంటే ఆ కులం నిజమేనని సరిచూసి ఇచ్చే కాయిదం, లేదు. బడి కాయిదాల్ల ఇంటిపేరు చివర, ఆధార్‌ల ముందు ఉంది. మల్ల మంథనిల ఉన్నప్పుడు ఒక కొట్లాట కేసుల పేరు పడ్డది, లోక్ అదాలత్‌ల రాజీ అయింది. అది ఫారంల రాయాల్నా, రాయొద్దా? తలా ఒక మాట చెప్తున్నరు.

---

గ్రౌండ్ మాస్టర్, రాజురా

తమ్ముడూ, ముందు గ్రౌండ్ లెక్క చెప్తా. ఎందుకంటే మీ తమ్ముడు ఇదే టైమింగ్‌తోటి వస్తే కాయిదాల దాక, పేపర్ దాక పోయే అవసరమే రాదు.

తెలంగాణల సివిల్ కానిస్టేబుల్‌కు గ్రౌండ్ అంటే గీత దాటుడే. 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లల్ల వస్తే అయిపోయినట్టు. 5 నిమిషాలల్ల వచ్చినోడు, 7:14కు వచ్చినోడు ఒక్కటే. మన దగ్గర అట్ల కాదు. గ్రౌండ్‌కు 50 మార్కులు, పేపర్‌కు 100, రెండూ కలిపి 150 మీద మెరిట్. 50ల మగపిల్లలకు 1600 మీటర్లు 20, 100 మీటర్లు 15, గోళా 15.

1600 పట్టిక చూడు. 5:10 లోపల వస్తే 20. 5:30 లోపల 18, 5:50 లోపల 16, 6:10 లోపల 14, 6:30 లోపల 12, 6:50 లోపల 10. ఆ తర్వాత ఒక్కసారే పడిపోతది, 7:10 దాక 5 మార్కులే. 7:10 దాటితే సున్నా. అంటే తెలంగాణల పాసైన 7:15కు ఇక్కడ ఒక్క మార్కు కూడా రాదు. సరిహద్దు పిల్లలు ఎక్కువ మంది మునిగేది ఈ ఒక్క దగ్గరనే.

ఇప్పుడు మీ తమ్ముని లెక్క. 6:58కి 5. వంద మీటర్లు 13.8కి 8. మొత్తం 13. గ్రౌండ్‌ల సగం, అంటే 25 రాకపోతే అక్కడికే ఇంటికి. 25 కావాలంటే గోళాలనే 12 తేవాలె, దానికి 7.90 మీటర్లు పడాలె. 6.2కి రాదు. 25 వచ్చినా సీటు వచ్చినట్టు కాదు. ఒక్కో కేటగిరీల ఖాళీలకు పది రెట్ల మందినే పేపర్‌కు పిలుస్తరు, అదీ గ్రౌండ్ మార్కుల వరుసల.

ఇంకో సంగతి ఆ కోచింగ్ వాళ్లు చెప్పినట్టు లేదు. తెలంగాణల బీసీ, ఓసీ మగపిల్లలకు ఎత్తు 167.6, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ 86.3 ఉండాలె. 167కి, 84కి అక్కడ కొలత కాడనే ఆపుతరు. ఇక్కడ ఎత్తు 165, ఛాతీ పీల్చకుండా 79, మీద 5 సెంటీమీటర్లు ఉబ్బాలె. మీ తమ్మునికి 80 సరే, ఉబ్బేది 4 మాత్రమే. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. టేపు కింద శ్వాస పీల్చుడు అలవాటు కావాలె. భుజాలు ఎగరేస్తే టేపు జారుతది తప్ప ఉబ్బు రాదు, పక్కటెముకలు పక్కకు తెరుచుకోవాలె. రోజూ పుషప్‌ల తర్వాత టేపు కట్టుకొని పది పన్నెండు సార్లు నిండా పీల్చి 5 సెకన్లు ఆపి వదలమను. రెండు నెలల్ల ఒక సెంటీమీటరు రావొచ్చు.

ఎక్కడ మార్కులు చవకగా దొరుకుతయో అక్కడ పట్టాలె. 6:58 నుంచి 6:28కి వస్తే, 30 సెకన్లకు 7 మార్కులు. వంద మీటర్లు 13.8 నుంచి 13.4కి వస్తే 2. అందుకే ముందు 1600. 6:28 అంటే 400 మీటర్ల రౌండు 97 సెకన్లు. పిల్లలు చేసే తప్పు ఒక్కటే: గుంపుతోటి మొదటి రౌండు 80 సెకన్లకు కొట్టి మూడో రౌండుల 115కి పడిపోతరు. వారంల ఒక రోజు 400 మీటర్లు ఆరు సార్లు, ఒక్కొక్కటి 95 సెకన్లల్ల, మధ్యల రెండు నిమిషాలు నడక. ఇంకో రోజు 200 మీటర్లు ఎనిమిది సార్లు, 44-45 సెకన్లల్ల. ఒక రోజు 6 కిలోమీటర్లు మెల్లగ, మాట్లాడుకుంట ఉరికేంత మెల్లగ. పూర్తి 1600 రెండు వారాలకు ఒక్కసారే టైమ్ పెట్టి చూడాలె. రోజూ 1600 కొట్టేటోళ్లు నెలకు పిక్క ఎముక నొప్పి పట్టుకొని కూర్చుంటరు. డాంబర్ రోడ్డు మీద వద్దు. గోదావరి ఇసుకల కూడా వద్దు, మడమ నరం లాగుతది. చేను గట్టు పక్క గట్టి మట్టి బాట మంచిది.

వంద మీటర్లకు చేతి గడియారాన్ని నమ్మొద్దు. చేత్తోటి నొక్కిన టైమ్ యంత్రం టైమ్ కన్నా దాదాపు పావు సెకను తక్కువ చూపిస్తది. చేతిల 13.3 వస్తే యంత్రంల 13.5 దాటొచ్చు. 13.50 దాటితే 10 కాదు, 8. కాబట్టి చేతి గడియారంల 13.2 వచ్చేదాక 13.5 లోపల ఉన్నమని అనుకోవద్దు.

---

సేతు కేంద్రం, అంకిసా

కాయిదాల సంగతి నేను చెప్తా. గ్రౌండ్‌ల గెలిచి కాయిదం కాడ ఓడిపోయినోళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతది.

పేరు వరుస ముందు. మన తెలుగు ఇండ్లల్ల ఇంటిపేరు ముందు రాస్తం. మరాఠీ దాఖలాల సొంతపేరు, తండ్రి పేరు, చివర ఆడనావ్ (ఇంటిపేరు). ఆధార్ తీసేటప్పుడు ఎవరో మన వరుసల చెప్పిండ్రు, బడిల మాస్టరు మరాఠీ వరుసల రాసిండు. రెండూ మనవే, కానీ కంప్యూటర్‌కు ఇద్దరు మనుషులు. భర్తీ అర్జీ ఎప్పుడూ పదో తరగతి మెమో మీద ఉన్నట్టే నింపాలె, అక్షరం కూడా మార్చొద్దు. ఆధార్‌ను మెమోకు సరిపోయేటట్టు దిద్దించుకోవాలె, మెమోను ఆధార్‌కు కాదు. వరుస కాకుండా పేరే వేరేగా ఉంటే మహారాష్ట్ర రాజపత్రల (గెజిట్) మార్పు వేయించాలె. దానికి టైమ్ పడతది, జాహిరాత్ (నోటిఫికేషన్) వచ్చినంక మొదలుపెడితే అందదు.

మంథనిల ఇంటర్ చేసుడు అడ్డం కాదు. పన్నెండో తరగతి లేదా దానికి సమానమైన పరీక్ష అని రూల్. అదివాస్ (నివాసం) దాఖలా, జాత (కులం) దాఖలా, నాన్ క్రిమిలేయర్ (ఓబీసీల సంపన్న వర్గం కాదనే కాయిదం), ఇవన్నీ అర్జీ ఆఖరు తేదీ లోపలనే ఉండాలె. నాన్ క్రిమిలేయర్ గడువు దాటిందా లేదా అని ఈ రోజే తీసి చూడండి. ఎక్కువ మంది ఇరుక్కునేది దీని తోటే.

ఇగ వ్యాలిడిటీ. ఇక్కడి జూనియర్ కాలేజీల సైన్స్ చదివితే పదకొండు, పన్నెండుల కాలేజీ వాళ్లే ఫారం నింపిస్తరు. నది దాటి ఇంటర్ చదివినోళ్లకు ఆ దారి తప్పిపోతది, మీ తమ్ముని లెక్క అదే. ఇప్పుడు అర్జీ పెట్టాలన్నా, ఎంపికైనంక పెట్టాలన్నా, సాక్ష్యాలు మాత్రం ఇప్పటినుంచే ఏరుకోవాలె. ఓబీసీకి మానీవ్ దినాంక్ (లెక్కల పట్టే తేదీ) 13 అక్టోబర్ 1967. ఆ తేదీకి ముందే మీ కుటుంబం మహారాష్ట్రల ఉన్నట్టు, ఆ కులమే రాసి ఉన్నట్టు చూపాలె. ఎస్సీలకు 10 ఆగస్టు 1950, ఎస్టీలకు 6 సెప్టెంబర్ 1950, విముక్త, భటక్యా (సంచార) జాతులకు 21 నవంబర్ 1961.

తాత బడికి పోయి ఉంటే ఆ బడి దాఖల్ ఖారీజ్ రిజిస్టర్ (పిల్లలు చేరింది, వెళ్లింది రాసే పుస్తకం) నకలు అన్నిటికన్నా గట్టిది. పోకపోతే కోత్వాల్ బుక్కుల పుట్టుక చావుల నమోదు వెతకాలె. గడ్చిరోలీ జిల్లా పుట్టిందే 26 ఆగస్టు 1982ల, అంతకుముందు మనం చంద్రపూర్ (పాత పేరు చాందా) జిల్లా. కాబట్టి తహసీల్‌ల దొరకలేదంటే చంద్రపూర్ రికార్డు రూంల అడగాలె. రాజురా, కిన్‌వట్ వాళ్లది ఇంకో కథ. 1956 దాక అవి ఆదిలాబాద్ జిల్లా, నిజాం రాజ్యం నుంచి వచ్చిన తాలూకాలు. అక్కడి పాత కాయిదం ఉర్దూల ఉంటది, మరాఠీ తర్జుమా చేయించి సర్టిఫై చేయించాలె.

తండ్రి వైపు రక్తసంబంధంల, పెద్దనాన్నకో మేనత్తకో వ్యాలిడిటీ వచ్చి ఉంటే దాని నకలు, వంశావళి పెట్టండి, పని సగం తగ్గుతది. అమ్మ వైపు వాళ్లది పనికిరాదు. మల్ల తెలంగాణల ఇచ్చిన కులం కాయిదం ఇక్కడ చెల్లదు, ఇక్కడిది అక్కడ చెల్లదు. మీ తమ్ముడు అక్కడ అర్జీ పెడితే ఓసీ కింద, అదీ లోకల్, నాన్ లోకల్ అందరూ పోటీపడే 5 శాతంలనే. అక్కడ లోకల్ చూసేది 1 నుంచి 7 తరగతుల చదువు, ఇంటర్ కాదు. మిగతా 95 శాతం అక్కడి లోకల్ పిల్లలకే.

ఒకటి మరిచిపోయిన. శిపాయి పోస్టుకు ఒక్క యూనిట్‌లనే అర్జీ పెట్టాలె. గడ్చిరోలీలొకటి, చంద్రపూర్‌లొకటి పెడితే రెండూ రద్దయితయి. గడ్చిరోలీకి పెట్టేముందు రహివాసీ (నివాసం) షరతు ఏం రాసిండ్రో జాహిరాత్‌ల చదవండి.

---

వ్యాకరణం టీచరు, దేగ్లూర్

మీ ఇద్దరూ గ్రౌండ్, కాయిదాలు చెప్పిండ్రు. పేపర్‌ల మన పిల్లలు పోగొట్టుకునే మార్కులు నేను చెప్తా. 100 ప్రశ్నలు, 90 నిమిషాలు, మరాఠీల. అంకగణితం, బుద్ధిమాపన (రీజనింగ్), సామాన్యజ్ఞానం, మరాఠీ వ్యాకరణం. 40 శాతం రాకపోతే మెరిట్‌లకు రారు. తెలంగాణ కోచింగ్ పుస్తకాల్ల తెలంగాణ ఉద్యమం, కాకతీయులు ఉంటరు. ఇక్కడ ఫులే, శాహూ మహరాజ్, మహారాష్ట్ర 36 జిల్లాలు, పంచాయత్ రాజ్ అడుగుతరు. ఆ పుస్తకాలు మూసేయండి.

వ్యాకరణంల మన తెలుగు బుద్ధి రెండు దగ్గరల మోసం చేస్తది. ఒకటి లింగం. తెలుగుల ప్రాణం లేనిదంతా "అది". మరాఠీల తో డోంగర్ (కొండ, పుంలింగం), తీ నదీ (నది, స్త్రీలింగం), తే ఘర్ (ఇల్లు, నపుంసకం). దీనికి సూత్రం వెతకొద్దు. ఏ మాట నేర్చుకున్నా ముందు తో, తీ, తే తగిలించే నేర్చుకోవాలె.

రెండోది ప్రయోగం. తెలుగుల క్రియ ఎప్పుడూ కర్త మాటనే వింటది. మరాఠీల అట్ల కాదు కాబట్టి, క్రియ ఎవరి మాట వింటుందో చూడాలె. "రామ్ ఆంబా ఖాతో" (రాముడు మామిడిపండు తింటడు), రామ్ స్థానంల సీతను పెడితే "ఖాతే" అయింది. కర్త మారితే క్రియ మారింది, ఇది కర్తరి. "రామానే ఆంబా ఖాల్లా" (రాముడు మామిడిపండు తిన్నడు), సీతను పెట్టినా "సీతేనే ఆంబా ఖాల్లా". కానీ ఆంబా తీసి చించ (చింతపండు, స్త్రీలింగం) పెడితే "ఖాల్లీ" అయింది. కర్మ మారితే క్రియ మారింది, ఇది కర్మణి. "శిపాయానే చోరాలా పకడలే" (పోలీసు దొంగను పట్టిండు), దొంగలు పది మందైనా, పట్టింది ఆడపోలీసైనా "పకడలే" కదలదు. ఇది భావే. పరీక్షల వాక్యం రాంగనే కర్తను ఒకసారి, కర్మను ఒకసారి మార్చి చూస్తే చాలు, 20 సెకన్ల పని.

అంకగణితంల లెక్క రాక కాదు, మాట తెలియక పోతది. పావుణేదోన్‌షే అంటే 175, సవ్వాదోన్‌షే అంటే 225, దీడ్ అంటే ఒకటిన్నర, అడీచ్ అంటే రెండున్నర. ఏకోణసాఠ అంటే 59, ఏకోణసత్తర్ అంటే 69. "ఏకోణ" వినపడితే తర్వాతి పదిల నుంచి ఒకటి తీసేయాలె. బడిల మరాఠీ మీడియం చదివినా, మూడేండ్లు తెలుగుల లెక్కలు చేసినోనికి ఇవి మొద్దుబారుతయి. రోజూ పాత పేపర్ ఒకటి గడియారం పెట్టి చేయమను.

గడ్చిరోలీ భర్తీల గోండీ, మాడియా భాషల మీద కూడా పరీక్ష పెట్టిండ్రు. సిరొంచ పిల్లలకు తెలుగు వస్తది గాని అవి రావు. ఏటపల్లి, భామ్రాగడ్ వైపు దోస్తులుంటే ఇప్పటినుంచే మాటలు, లెక్కలు, చుట్టరికం పేర్లు రాయించుకోవాలె.

---

అక్క, కిన్‌వట్

ఆడపిల్లలు కూడా ఇది చదువుతరు గనుక రెండు ముక్కలు. 1600 బదులు మనకు 800 మీటర్లు, 2:50 లోపల వస్తే పూర్తి 20. వంద మీటర్లు 14 సెకన్లల్ల 15. గోళా 4 కిలోలు, 6 మీటర్లకు 15. ఎత్తు 155, ఛాతీ కొలత లేదు. తెలంగాణల 800కి 5:20 ఇస్తరు, ఆ టైమ్‌కు ఇక్కడ ఏమీ రాదు. ఎత్తు 154.5 ఉన్న చెల్లెండ్లు పొద్దున్నే కొలిపించుకోండి. మనిషి పొద్దున కన్నా సాయంత్రం సెంటీమీటరు దాక తగ్గుతడు. కొలతల తేడా అనిపిస్తే గ్రౌండ్ మీదనే, అదే రోజు రాసి అపీల్ పెట్టాలె. ఇంటికొచ్చి ఏడిస్తే ఎవరూ వినరు.

---

పడతాళణి తెలిసినోడు, బల్లార్షా

కేసు సంగతి ఎవరూ ముట్టుకోలేదు. రాయాలె. తప్పకుండ రాయాలె.

ఎంపికైనంక సాక్షాంకన్ ఫారం (మన వివరాలు నిజమని రాసిచ్చేది) ఇస్తరు. అందుల అడిగేది "నీకు శిక్ష పడ్డదా" అని ఒక్కటే కాదు, "ఎప్పుడన్న గున్హా (నేరం కేసు) నమోదైందా, అరెస్టయినవా" అని కూడా. రాజీ అయిన కేసు చట్టం లెక్కల నిర్దోషిగా విడుదలైనట్టే. కానీ నమోదైంది నిజమే గదా. చాలామంది "కొట్టేసిండ్రు గనుక లేనట్టే" అని "నాహీ" (లేదు) రాస్తరు. పడతాళణి (పోలీసు విచారణ) కాయిదం సిరొంచ ఠాణాకే కాదు, చదువుకుంట ఉన్న ఊరి ఠాణాకు కూడా పోతది. మంథని నుంచి ఆ నంబరు వస్తది.

2016ల అవతార్ సింగ్ కేసుల సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. చిన్న కేసైతే ప్రభుత్వం దాన్ని తూకం వేసి చూడొచ్చు. నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలని కూడా లేదు. కానీ తెలిసి దాచినట్టు తేలితే, ఆ దాచుడే తీసేయడానికి కారణమైతది. రాస్తే ఒక అవకాశం ఉంది, దాస్తే ఆ అవకాశం మనమే చంపుకున్నట్టు. కోచింగ్‌ల రాయొద్దన్నోళ్లు రేపు వచ్చి నిలబడరు.

ఎఫ్ఐఆర్ నకలు, లోక్ అదాలత్ అవార్డు సర్టిఫైడ్ కాపీ ఇప్పుడే మంథని కోర్టుల తీసుకోండి. తెలుగుల ఉంటే మరాఠీ తర్జుమా జత చేయండి. ఫారంల కేసు నంబరు, కలం (సెక్షన్), తేదీ, ఎట్ల ముగిసింది, ఇవన్నీ కాపీల ఉన్నట్టే రాయాలె.

---

ప్రాణహిత గట్టు, సిరొంచ

అందరికీ దండం. కేసు కాపీలకు ఈ సోమవారమే మంథని పంపుతున్న. కోచింగ్ మాన్పించి ఇంటికి రమ్మన్న. రాజురా అన్నా, గోళా ఒక్కటి చెప్పు. బలం ఉంది గాని 6.2 దాటుతలేదు. మల్ల గ్రౌండ్ రోజుకు గడ్చిరోలీ ఎట్ల పోవాలె?

---

గ్రౌండ్ మాస్టర్, రాజురా

బలం ఉండి దాటుతలేదంటే చెయ్యితోటి విసురుతుండు, కాళ్లతోటి కాదు. ముందు గోళానే తూకం వేయండి. మగపిల్లలది 7.260 కిలోలు. ఊర్లల్ల దొరికే ఇనుప గుండు కొన్నిసార్లు 6 కిలోలే ఉంటది. దానితోటి 6.2 అంటే అసలుది ఇంకా తక్కువ. కిరాణా కాంటా మీద పెట్టి చూడండి.

గోళా అరచేతిల కూర్చోవద్దు, వేళ్ల మొదట్ల మీద ఉండాలె. అరచేతికి మట్టి అంటితే తప్పు పట్టుకున్నట్టే, వేసినంక చెయ్యి తిప్పి చూస్తే తెలుస్తది. దవడ కింద మెడకు ఆనించి, మోచెయ్యి పక్కకు ఎత్తి పెట్టాలె. కుడిచేతి వాటమైతే వీపు గోళా పోయే దిక్కుకు తిప్పి, బరువంతా వంచిన కుడి మోకాలు మీద. అక్కడినుంచి కాలు నెట్టాలె, నడుము తిరగాలె, ఆ తర్వాత భుజం, చిట్టచివర చెయ్యి. బంతి విసిరినట్టు విసిరితే మోచెయ్యి కిందికి పడి భుజం పట్టేస్తది, దూరం రాదు. గోళా పైకి, ఎదురుగ చెట్టు కొమ్మ దాటించినట్టు పోవాలె. నేలబారుగ పోతే మీటరు పోయినట్టే. వేసినంక తూలి ముందు అంచు తొక్కితే ఫౌల్. రింగ్ వెనక సగం నుంచే బయటికి రావాలె, ఆ అలవాటు ప్రాక్టీస్‌లనే చేయించండి. వారంల రెండు రోజులు, రోజుకు 20-25 వేతలు చాలు. కాలు వాడుడు వస్తే నెలల 7 దాటుతడు.

గడ్చిరోలీ మీకు 200 కిలోమీటర్ల దాక ఉంటది, ఆల్లాపల్లి అడవి రోడ్డు. పొద్దున 5కే హాజరు అంటరు. ముందు రోజు మధ్యాహ్నానికే అక్కడ ఉండాలె. రాత్రి బస్సుల కూర్చొని వచ్చి పొద్దున ఉరికితే కాళ్లు కట్టేసినట్టుంటయి. ఉరికే రెండు గంటల ముందు రెండు అరటిపండ్లు, కొంచెం నీళ్లు. కొత్త బూట్లు ఆ రోజు వేయొద్దు. టైమ్ లెక్కపెట్టే చిప్ కట్టినంక వదులుగ ఉందా చూసుకోవాలె, రౌండ్లు సొంతంగ లెక్కపెట్టుకోవాలె.

గ్రౌండ్ బయట ఎవరన్న "ఒక్క ఇంజెక్షన్, దమ్ము వస్తది" అంటే పక్కకు జరగమను. దొరికితే అపాత్రులైతరు. దానికన్నా, భర్తీల ఉరుకుతనే పడిపోయి ప్రాణం పోయిన పిల్లలున్నరు తమ్ముడూ. ఛాతీల నొప్పి, కండ్లు తిరుగుడు అనిపిస్తే ఆగిపోవాలని ఇంట్ల నుంచి చెప్పి పంపండి. మూడు నెలలు అయినంక మూడు టైమింగ్‌లు ఇక్కడ పెట్టు, మల్ల లెక్క వేద్దం.